మేడ మీది అడవి టమాటా

పది గంటలకు జన్యువుల నివేదిక వస్తుంది, పదకొండుకల్లా థీసిస్ చివరి అధ్యాయం డైరెక్టరు చేతిలో పెట్టాలి, ఆపైన ఇంటికెళ్లి రెండు రోజులు కళ్లు తెరవకుండా నిద్రపోవాలి. ఆ ఉదయం పరిశోధకురాలు వేసుకున్న పథకం ఇంతే. నాలుగేళ్లుగా ఆమె బతుకంతా సంస్థ మేడ మీదున్న పన్నెండు కుండీల చుట్టూ తిరిగింది. ఇరవై ఏళ్ల క్రితం డైరెక్టరు ఏదో కొండెక్కి, కాలు విరగ్గొట్టుకుని మరీ తెచ్చిన అడవి టమాటా సంతానం ఆ కుండీల్లో పెరుగుతోంది. నీళ్లు లేకపోయినా అంత ఎండలో ఎలా బతుకుతోందో జన్యువుల్లో తేలిస్తే ఆమెకు డాక్టరేటు.

నివేదిక చెప్పిన వేళకే వచ్చింది. అందులో అడవి టమాటా జాడ లేదు. ఉన్నది కూరల కొట్లో దొరికే మామూలు టమాటా.

ఆమె నివేదికను మొదటి నుంచి మళ్లీ చదివింది. పరీక్షకు ఆకులు కోసిన రోజున తన క్యారేజీలో కూర వాటి మీద ఒలికిందేమోనని కూడా అనుమానించింది. కానీ పన్నెండు కుండీలదీ అదే ఫలితం. అంత కూర ఆమె ఎన్నడూ తెచ్చుకోలేదు.

ఏడుపు గొంతుతో వెళ్లి చెబితే డైరెక్టరు కుర్చీలోంచి ఎగిరి లేచాడు.

"అంటే అడవి టమాటా, కొట్టు టమాటా రెండూ ఒకటేనన్నమాట! పరిణామం పాఠాలన్నీ మళ్లీ రాయాలమ్మా!"

"సార్, ఎక్కడో పొరపాటు..."

"పొరపాటే! ఇన్నాళ్లూ ప్రపంచం చేసిన పొరపాటు!"

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది ఆయన వరస. రేపు రావాల్సిన ఎగ్జామినరు మేడమ్‌ని ఇవాళే రమ్మన్నాడు. పత్రికలవాళ్లకు ఫోన్లు చేశాడు. మేడ మీద కుర్చీలు వేయించి, మొక్కల్ని ఇరవై ఏళ్లుగా సాకిన తోటమాలికి పూలగుత్తి తెప్పించాడు.

పూలగుత్తిని చూడగానే తోటమాలి ముఖంలో నెత్తురు చుక్క లేదు. పరిశోధకురాలిని నీళ్లట్యాంకు చాటుకు తీసుకెళ్లాడు.

"అమ్మాయ్, ఆయన తెచ్చిన మొక్క వారానికే చచ్చింది. కాలు విరిగి మంచాన పడ్డ మనిషికి ఆ మాటెలా చెప్పను? కొట్లో కొన్న నాలుగు టమాటాలు కుండీల్లో పిండేశా."

"మరి ఇన్నేళ్లూ?"

"ఎండిపోయినవి పోయాయి. బతికినవాటి గింజలే మళ్లీ చల్లా. నీళ్లంటావా... బిందెతో నాలుగంతస్తులు ఎవడెక్కుతాడు తల్లీ? నెలకోసారి ఎక్కేవాణ్ణి."

నాలుగేళ్ల చాకిరీ బూడిదలో పోసిన పన్నీరైంది. ఆమె ట్యాంకుకు జారగిలబడి గట్టిగా ఏడ్చేసింది. ఆ ఏడుపు విని అప్పుడే మెట్లెక్కి వచ్చిన ఎగ్జామినరు మేడమ్ విషయమంతా రాబట్టింది. నివేదిక లాక్కుని చివరి పుటలు తిప్పింది.

"ఇటు చూడమ్మా. ఏ టమాటాలోనో ఒకటీ అరా ఉండే, కరువుకు తట్టుకునే జన్యువులన్నీ ఇక్కడ ఒక్కచోట చేరాయి. అర్భకపువి చచ్చాయి, మొండివి గింజ పెట్టాయి. అడవిలో ప్రకృతి చేసే పనే ఇక్కడ ఈయన బద్ధకం చేసింది. థీసిస్ పేరు మార్చు, చాలు."

పరిశోధకురాలు ఆనందం పట్టలేక తోటమాలిని వాటేసుకుంది. మేడమ్ వెనకే వచ్చి అంతా విన్న డైరెక్టరు మాత్రం దిగాలుగా నిలబడ్డాడు.

"మరి నా కాలో?"

"అది మాత్రం నిజంగానే విరిగింది సార్," అన్నాడు తోటమాలి.

చప్పట్ల మధ్య పూలగుత్తి అందుకున్నాక అతని మనసు మారింది. ఇంత పేరొచ్చాక కూడా బద్ధకిస్తే బాగుండదని మర్నాటి నుంచి రెండుపూటలా బిందెలు మోశాడు. ఆమెకు డాక్టరేటు చేతికొచ్చేనాటికి పన్నెండు కుండీల్లోని మొక్కలూ వేళ్లు కుళ్లి చచ్చిపోయాయి.