ఇటాలియన్‌కు తెలుగులో జవాబు

నరసరావుపేటలోని ఒక డిగ్రీ కళాశాల, విద్యార్థుల విశ్వవికాసాన్ని దృష్టిలో ఉంచుకుని, ద్వితీయ భాషగా ఇటాలియన్‌ను ప్రవేశపెట్టినట్టు సగర్వంగా ప్రకటించింది. సంస్కృతంలో మార్కులు ఇక పెరిగే వీలు లేకనే ఈ వికాసమని గిట్టనివాళ్లు అన్నారు.

సంస్కృతం పరీక్షను ఏళ్ల తరబడి తెలుగులో రాసి తొంభైలు తెచ్చుకున్నవాళ్లం మనం. ఒక భాషను దాని జోలికి పోకుండా పూర్తిచేయడం మనకు కొత్త కాదు. ఇటాలియన్‌ను కూడా తెలుగులోనే బోధించాలని, తెలుగులోనే రాయించాలని పాలకవర్గం తీర్మానించింది. ఆ బాధ్యత సంస్కృతం లెక్చరర్ వంశీకృష్ణ మీద పెట్టారు. ఆయనకు ఇటాలియన్ రాదు. సంస్కృతం వచ్చని కూడా ఆయన మీద ఇంతవరకు ఎవరూ నింద వేయలేదు.

ట్రాక్టర్ల మెకానిక్ సర్దార్ కూతురు మిస్బాకు ఈ ఏర్పాటులోని సుఖం బోధపడలేదు. పిచ్చిపిల్ల, సబ్జెక్టు పేరు చూసి నిజంగానే భాష నేర్పుతారనుకుంది. నేర్పకపోయేసరికి ఫోన్లో పాఠాలు వింటూ, నాన్న షెడ్డులో సుత్తి మోతల మధ్య పైకి వల్లిస్తూ తనే నేర్చుకుంది. నేర్చుకున్నకొద్దీ దాని మీద ప్రేమ పుట్టింది. డిగ్రీ కాగానే హైదరాబాదు వెళ్లి అదే చదవాలని ఆశపడింది. ఏ సబ్జెక్టూ తప్పకపోతేనే అక్కడ సీటు.

చివరి పరీక్షలో 'వెనిస్ కాలువలను వర్ణింపుము' అని ప్రశ్న వచ్చింది. మాచర్ల పిల్లలు సాగర్ కుడికాలువను, దాని షట్టర్ల మరమ్మతులతో సహా వర్ణించి పూర్తి మార్కులు పొందారు. మిస్బా మాత్రం ఇటాలియన్‌లో రాసింది. తప్పింది ఆమె ఒక్కతే.

"ఏందమ్మా ఈ పేపరు? అక్షరాలు చూస్తే ఇంగ్లీషు, చదివితే ఇంగ్లీషు కాదు!" అన్నాడు వంశీకృష్ణ.

"ఇటాలియన్ సార్."

"ఇటాలియన్ పేపర్లో ఇటాలియన్ రాస్తే దిద్దేదెట్టా? చానా తెలివిగలదానివి, నువ్వే ఇట్టా చేస్తే ఎట్టమ్మా?"

ప్రిన్సిపాల్ బాలకోటయ్య విద్యార్థులందరినీ సమావేశపరిచి ప్రసంగించారు: "క్రమశిక్షణే మన సంస్థకు ఊపిరి. ఇవాళ ఒకరు ఇటాలియన్‌లో రాస్తారు. రేపు ఇంకొకరు సంస్కృతంలో రాస్తారు. అప్పుడీ సంస్థ ఏమైపోవాలి?" చప్పట్లు మోగాయి. మిస్బాకు ఏడుపొచ్చింది. నేర్చుకున్నందుకు శిక్షేమిటని ఆమె బాధ, అంతకన్నా న్యాయమైన బాధ ఆ హాల్లో ఇంకెవరికీ లేదు.

"అందరూ రాసినట్టే రాసెయ్ బేటీ. ముందు గట్టెక్కు," అన్నాడు సర్దార్.

సప్లిమెంటరీలో తెలుగులో రాసింది. కాలేజీ ఫస్టు వచ్చింది. ఫలితాలు వచ్చేసరికి హైదరాబాదులో సీట్లు నిండిపోయాయి. అయినా ప్రతిభను వృథా పోనివ్వని ఆ సంస్థ ఆమెనే ఇటాలియన్ లెక్చరర్‌గా నియమించి, తరగతిలో ఇటాలియన్ వాడరాదని ఒకే ఒక్క షరతు విధించింది. ఇంట్లో ఊరికే కూర్చోలేక మిస్బా సంతకం పెట్టింది.

కూతురు సాయిశ్రీని చేర్చడానికి వచ్చిన పక్కింటి బసవమ్మ, గేటు దగ్గరే మిస్బా చెయ్యి పట్టుకుంది.

"ఏమే మిస్బా, లోపల భాషేమన్నా నేర్పుతారా ఏంది?"

మిస్బా చేతిలోని హాజరుపట్టీని చంకలోకి సర్దుకుంది.

"లేదు పిన్నీ, భయపడమాకు."

బసవమ్మ నిశ్చింతగా లోపలికి నడిచింది. మిగిలిన సీట్ల కోసం మీబోటి తల్లిదండ్రుల ఫోన్లు వస్తూనే ఉన్నాయట.