నాన్నగారి ముఖం ప్రాజెక్టు

నరసరాజు ఆ రోజు శంషాబాద్‌లోని ఇంటి నుంచి పెందరాళే ఆఫీసుకు బయలుదేరాలనుకున్నాడు. రాజేంద్రనగర్‌లో అతను పనిచేసే విత్తనాల ఆఫీసులో సూపరింటెండెంటు కుర్చీ ఖాళీ అయింది. అది ఎవరికివ్వాలో తేల్చడానికి కొత్త డైరెక్టరు ముగ్గురిని పిలిచాడు. సీనియారిటీలో నరసరాజే ముందు. పనిలోనూ వంక పెట్టడానికి లేదు. లోపమల్లా నోరే. పాత డైరెక్టరు ఒకసారి టైమెంతయిందని అడిగితే, ఆ గోడ గడియారం కొన్న సంవత్సరం నుంచి మొదలుపెట్టాడని ఆఫీసులో ఇప్పటికీ చెప్పుకుంటారు. రెండు ప్రమోషన్లు ఆ నోటి దగ్గరే ఆగిపోయాయి.

"ఇవాళైనా కాస్త తక్కువ మాట్లాడండి" అని భార్య నాగమణి బతిమాలింది. తక్కువ మాట్లాడటంలో ఉన్న లాభాలను అతను తన కాఫీ చల్లారిపోయేదాకా ఆమెకు వివరించాడు.

అంతలో కూతురు కీర్తన మందుల షాపులో కొన్న ప్లాస్టర్ పట్టీలతో వచ్చింది. కాలేజీలో ఆ ఏడాదే ఆమె ఆర్ట్ క్లాసులో చేరింది. మనిషి ముఖానికి అచ్చు తీసి, దాంతో శిల్పం చేసి తెమ్మని మాజిదా మేడమ్ పని ఇచ్చింది. గడువు మర్నాడే.

"నాన్నా, కాసేపు కదలకుండా కూర్చుంటే చాలు. ముక్కు దగ్గర గాలికి వదిలేస్తాను. పట్టీలు ఆరేదాకా పెదవి మాత్రం కదపకూడదు."

"ఎందుకు కదపకూడదంటే..." అని నరసరాజు ఏదో చెప్పబోయాడు.

"తల్లీ, మొదలుపెట్టు" అంది నాగమణి.

కీర్తన తండ్రి నుదుటికి, బుగ్గలకు, గడ్డానికి వాజిలిన్ దట్టంగా రాసింది. కళ్ళ మీద దూది పెట్టింది. తడి పట్టీలు ఒకదాని మీద ఒకటి అతికించింది. పట్టీలు వేడెక్కి, తెల్లగా గట్టిపడ్డాయి. పని బ్రహ్మాండంగా కుదిరిందని ఆమె మురిసిపోతూ అచ్చును పట్టుకుని లాగింది. అచ్చుతోపాటు నరసరాజు కూడా కుర్చీలోంచి లేచాడు. మీసానికి వాజిలిన్ రాయడం మరిచిపోయింది!

తల్లీ కూతుళ్ళు ఆ వైపు నుంచీ ఈ వైపు నుంచీ లాగారు. లోపల్నుంచి "ఊఁ ఊఁ" అని కేకలు. పక్కింటి రషీద్ ఆటో తీస్తుంటే నాగమణి పరుగెత్తింది.

"రషీద్, మీ సారు ముఖం మీద... ఆయనకు నోరు పడిపోయింది! కళ్ళు కనపడట్లేదు!"

రషీద్ పరుగున లోపలికొచ్చాడు. నరసరాజును ఎత్తినంత పని చేసి ఆటోలో కూర్చోబెట్టాడు. స్టవ్ ఆర్పడానికి నాగమణి, కత్తెర కోసం కీర్తన లోపలికి వెళ్ళారు. ఇంజను చప్పుడు విని అందరూ ఎక్కేశారనుకున్న నరసరాజు, పోనిమ్మన్నట్టు రషీద్ వీపు మీద చరిచాడు.

"ఏడికి సార్? దవాఖానకా?"

డాక్టరు దగ్గరికే అని చెప్పడానికి నరసరాజు మణికట్టు మీద వేలు పెట్టి నాడి చూపించాడు. అక్కడ గడియారం ఉంది.

"యా అల్లా! గింత దెబ్బ తగిలినా ఆఫీసు టైమేనా సార్?" రషీద్ కళ్ళు చెమర్చాయి. నరసరాజు ఎంత ఊఁ ఊఁ అన్నా అది అవుననడమే అనుకుని ఆటోను రాజేంద్రనగర్ దారి పట్టించాడు.

సాతంరాయి దాటి, ఫ్యాక్టరీలుండే గగన్‌పహాడ్ చేరేసరికి రోడ్డు మీద లారీలు ఆగి ఉన్నాయి. షిఫ్టు దిగిన కార్మికులు ఆటోలోకి తొంగి చూశారు. "ఏ కంపెనీల పేలిందన్నా?" అన్నారొకరు. "బాయిలరే అయ్యుంటది" అన్నారింకొకరు. ఏమీ తెలియని రషీద్‌కు ఏదో తెలిసినట్టయింది.

ఆఫీసు గేటు దగ్గర వాచ్‌మన్ కుర్మయ్య అదిరిపడ్డాడు. "ఇదేంది భాయ్, సారుకేమైంది?"

"బాయిలర్ పేలిందంట. అయినా డ్యూటీకి పోవాలన్నడు. గిసుంటి మనిషిని నేనెన్నడు చూడలే."

ఆ మాట కింది అంతస్తు నుంచి పై అంతస్తుకు నరసరాజు కంటే ముందే చేరింది. వెళ్తూ వెళ్తూ పెరిగింది కూడా. అతన్ని చెయ్యి పట్టి మెట్లెక్కించేసరికి, మంటల్లోంచి ఇద్దరు పిల్లల్ని బయటికి లాగింది కూడా అతనేనని స్థిరపడిపోయింది. టైపిస్టులు కళ్ళొత్తుకున్నారు. పోటీలో ఉన్న మిగతా ఇద్దరూ ఇంటర్వ్యూ కోసం ఇస్త్రీ చేసుకొచ్చిన చొక్కాలు చూసుకుని సిగ్గుపడ్డారు.

డైరెక్టరు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "నరసరాజుగారూ, మీ సాహసం గురించి విన్నాను."

నరసరాజు రెండు చేతులూ ఊపి, తల అడ్డంగా ఆడించాడు.

"చూశారా! పొగడ్త కూడా వద్దంటున్నారు. సరే, ఒక్క ప్రశ్న. ఏటా జిల్లాలకు విత్తనాలు ఎందుకు ఆలస్యమవుతున్నాయి?"

నరసరాజు నిస్సహాయంగా రెండు చేతులూ ఆకాశం వైపు ఎత్తాడు.

"వానలు!" డైరెక్టరు బల్ల చరిచాడు. "వారం నుంచి అడుగుతున్నాను, ఇంత సూటిగా జవాబు చెప్పినవాడు ఈ ఆఫీసులో లేడు." అక్కడికక్కడే ఆర్డరు టైపు చేయించి సంతకం పెట్టాడు. అందరూ చప్పట్లు కొట్టారు. అసలు సంగతి చెప్పే దారి లేక నరసరాజు మాత్రం బిక్కచచ్చిపోయి కూర్చున్నాడు.

దవాఖానంతా వెతికి, ఇక ఆఫీసుకే వెళ్ళుంటాడని బస్సులో పడి, తల్లీ కూతుళ్ళు అప్పుడే చేరుకున్నారు. "నాన్నకు దెబ్బలేం తగల్లేదు సార్! అది నా కాలేజీ ప్రాజెక్టు!" అంటూ కీర్తన అచ్చు కిందికి కత్తెర దూర్చి మీసం కత్తిరించింది. అచ్చు ఊడింది. పసిపిల్లాడిలా నున్నగా, నిగనిగలాడుతూ నరసరాజు ముఖం బయటపడింది. ఆ ముఖం మీద చిన్న బొబ్బైనా లేనందుకు ఆఫీసంతా నొచ్చుకుంది.

"అసలేం జరిగిందంటే సార్..." అన్నాడు నరసరాజు. పొద్దుటి నుంచి ఆగిన మాటలన్నీ ఒక్కసారి కదిలాయి. వాజిలిన్ గురించి, మందుల షాపు గురించి, తమ వంశంలో మీసాలు పెంచిన తాతల గురించి చెప్పాడు. భోజనాల గంట మోగినా డైరెక్టరుకు లేచే వీలు చిక్కలేదు. ఆర్డరు కేసి రెండుసార్లు చూశాడు. అంతమంది ముందు చప్పట్ల మధ్య పెట్టిన సంతకాన్ని వెనక్కి తీసుకుంటే నవ్వులపాలయ్యేది తానే. పైగా విన్నదాన్ని నమ్మింది తనే కాని, నరసరాజు నోరు విప్పి అబద్ధమాడింది లేదు. ఆర్డరు నిలిచింది.

కీర్తనకే అన్యాయం జరిగింది. పోలిక సరిచూడాలని, నాన్నగారిని తీసుకురమ్మంది మాజిదా మేడమ్. శిల్పానికి గుబురు మీసం ఉంది, ఎదురుగా నిలబడ్డ మనిషికి లేదు. "పని బాగుంది బేటా, మనిషే వేరు" అని సగం మార్కులు కోసింది. నరసరాజు అరగంట సేపు వాదించాడు. మేడమ్ మిగిలిన వాటిలోనూ రెండు తగ్గించింది.

నెల తిరిగింది. కొత్త సూపరింటెండెంటు ప్రతి సమావేశంలోనూ విషయాన్ని మూలాల నుంచి వివరిస్తున్నాడు. ఒక సాయంత్రం నరసరాజు ఇంటికి కుర్మయ్య వచ్చాడు. కీర్తనను వాకిట్లోకి పిలిచి, గొంతు తగ్గించాడు.

"బిడ్డా, సోమవారం పెద్ద మీటింగున్నదట. నీకు గా కాలేజీల ఇంకో ప్రాజెక్టు ఏమన్న ఇచ్చిండ్రా అని డైరెక్టర్ సారు అడిగి రమ్మన్నడు."