కాకా, ఒక్క ముక్క ఇవ్వరూ!

సినిమాను బతికించాలంటే సినిమా తీయక్కర్లేదు, చూడక్కర్లేదు. సినిమా చరిత్ర మీద ఎనిమిది నిమిషాల షార్ట్ ఫిల్మ్ తీస్తే చాలు! ఈ మాట ఎవరో దారినపోయే దానయ్య అనడం లేదు. కొల్హాపూర్‌లో ముప్ఫై ఆరేళ్లు థియేటర్ ఆపరేటర్‌గా పనిచేసి, మెషిన్ వేడికి కనుబొమలు కాల్చుకున్న దిన్‌కర్ శిర్కే అనే పెద్దమనిషి అంటున్నాడు. అంటే నేనే.

మా ఊళ్లో ఒకప్పుడు సినిమాలు తీసేవారు. స్టూడియోలు ఉండేవి. పోయాయి. పోతే పోయాయి! అవి ఉన్న రోజుల్లో ఏడాదికి పదో పన్నెండో సినిమాలు వచ్చేవి. ఇప్పుడు అవి ఎలా పోయాయో చెప్పే షార్ట్ ఫిల్ములు నెలకు రెండు వస్తున్నాయి. ఏది అభివృద్ధి? మీరే చెప్పండి!

వెనకటివాళ్లు ఒక్క సినిమాకు రెండేళ్లు చెమటోడ్చేవారు, తెలివితక్కువవాళ్లు. ఈ పిల్లలు పొద్దున పుణె బస్సు దిగుతారు. మధ్యాహ్నం మిసళ్ తినేలోపు వందేళ్ల చరిత్ర అయిపోతుంది. సాయంత్రం తాంబడా రస్సా జుర్రుకుని తిరుగు బస్సు ఎక్కేస్తారు.

చరిత్రకు ముందుగా కావలసింది దుమ్ము. ఈ సంగతి తెలియక మొదటిసారి నేను ఇల్లంతా తుడిచి ఉంచాను. డైరెక్టర్ గుమ్మంలోనే నీరసపడిపోయాడు. చివరికి పిండిమర నుంచి గోధుమపిండి తెప్పించి నా ప్రొజెక్టర్ ముందు ఊదారు. లైటు వెలుతురులో పిండి తేలుతుంటే యూనిట్ అంతా కళ్లు తుడుచుకున్నారు. పిండి కళ్లలో పడింది కదా, తుడుచుకోరూ!

తర్వాత నన్ను కుర్చీలో కూర్చోబెట్టారు.

"కాకా, ఏం మాట్లాడొద్దు. అలా కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండండి."

"బయట ఏముంది నాయనా?"

"పోయిన కాలం, కాకా!"

బయట ఉన్నది గేదె. మా వీధిలో పొద్దున్నే గేదెల్ని కట్టేసి, అక్కడికక్కడ పాలు పిండి నురగతో గ్లాసుల్లో పోస్తారు. జనం నిలబడి తాగుతారు. పన్నెండు షార్ట్ ఫిల్ముల్లో నేను దిగులుగా చూసింది ఆ గేదెనే. అదీ నన్ను అలాగే చూసింది. పాపం, దాని ముఖం మాత్రం ఎందులోనూ వేయలేదు.

తెగిన ఫిల్మును ఎలా అతకాలో చెప్పమంటే నలభై నిమిషాలు చెప్పాను. పైపూత ఎలా గీకాలి, అతికే సిమెంటు ఎంత రాయాలి, ఎంతసేపు నొక్కి పట్టాలి... అన్నీ! అందులో పదకొండు సెకన్లు ఉంచారు. ఆ పదకొండు సెకన్లలోనూ నా గొంతు తీసేసి వయొలిన్ పెట్టారు. సినిమా ఎలా తయారవుతుందో వయొలిన్ చెప్పినంత వివరంగా నేను చెప్పగలనా?

ఇంత సేవ చేసేవాళ్లు పోతూ పోతూ అడిగేది ఒక్కటే. "కాకా, ఒక్క ముక్క ఇవ్వరూ!"

నా మంచం కింద ఒక రేకు డబ్బా ఉంది. అందులో ఒక పాత మరాఠీ సినిమా మొదటి రీలు ఉంది. ఆ సినిమాను నేనే ఆడించాను, పదకొండు రోజులు. మిగతా రీళ్లు లేవు, నెగటివ్ లేదు, ఇంకో ప్రింటు ఎక్కడా లేదు. భూమ్మీద ఆ సినిమా అంటూ మిగిలింది ఆ డబ్బాయే. 'ఫిల్మును కాపాడుకుందాం' అని సినిమా తీసేవాళ్లకు చేత్తో పట్టుకోవడానికి ఫిల్మ్ ముక్క కావాలి కదా? కాపాడటానికి కోసి ఇచ్చాను. ఒకరికి రెండడుగులు, ఇంకొకరికి మూడు. బదులుగా చివర్లో 'ప్రత్యేక కృతజ్ఞతలు: దిన్‌కర్ కాకా' అని పడుతుంది. ముప్ఫై ఆరేళ్లు అందరి పేర్లూ నేను తెర మీద వేశాను. నా పేరు పడితే ఎలా ఉంటుందో అప్పుడే తెలిసింది. బాగుంటుంది. చాలా బాగుంటుంది!

ఈ అభివృద్ధి గిట్టని మనిషి మా వీధిలో ఒకతి ఉంది. హౌసాబాయి లోహార్. డెబ్బై ఎనిమిదేళ్లు. నేను హౌసక్కా అంటాను. నెగటివ్ కటింగ్ ఆమె పని. ఎడిటర్ గుర్తుపెట్టిన చోట అసలు నెగటివ్‌ను కోసి అతకాలి. కత్తెర ఒక్క ఫ్రేము అటు పడితే ఆ ఫ్రేము మళ్లీ పుట్టదు. నలభై సినిమాలు కోసింది. ముప్ఫై తొమ్మిదింటిలో ఆమె పేరు లేదు. నలభయ్యోదానికి ఎడిటర్ టైఫాయిడ్‌తో మంచం పడితే సినిమా మొత్తం తనే కూర్చింది. నిర్మాతకు సిగ్గేసి టైటిల్స్‌లో ఆమె పేరుతో ఒక కార్డు వేశాడు. మూడు సెకన్లు, డెబ్బై రెండు ఫ్రేములు, నాలుగున్నర అడుగులు. నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. నా మంచం కింద ఉన్నది ఆ నలభయ్యో సినిమానే.

షార్ట్ ఫిల్మ్ వాళ్లు వచ్చినప్పుడల్లా ఆమె కర్ర పొడుచుకుంటూ దిగేది.

"ఒరే, అంచులు పట్టుకో! బొమ్మ మీద వేలు పెడతావేంట్రా, మిసళ్ తిన్న చెయ్యి!"

"వావ్ ఆజీ! ఇదే మాట కొంచెం కన్నీళ్లతో ఇంకోసారి..."

"కన్నీళ్లు పడినా ఫిల్ము పాడవుద్దిరా సన్నాసీ!"

ఆ తర్వాత నా వైపు తిరిగేది. "దినూ, ఎంతదాకా కోశావు?"

"సెన్సారు సర్టిఫికెట్టు అయిపోయింది, అంబాబాయి అమ్మవారి బొమ్మ అయిపోయింది. నీ పేరుకు ఇంకా బోలెడు దూరం, హౌసక్కా."

"పాడవా రోజు వేస్తానన్నావు. మా మునిమనవరాలితో చెప్పేశాను. అది నమ్మట్లేదు. నీ పేరు సినిమాలో ఎందుకుంటుందే ముసల్దానా అంటోంది."

"వేస్తాను. ఒట్టు."

మా సినీ క్లబ్బువాళ్లు నా ప్రొజెక్టర్ బాగుచేయించి, మా ఉగాది పండగ పాడవా ఉదయం ఆ రీలు ఆడించాలని పెట్టుకున్నారు. అంతకు పది రోజుల ముందు అన్వయ్ దేవస్థళే అనే డైరెక్టర్ దిగాడు. ముంజేతి మీద ఫిల్మ్ రీలు పచ్చబొట్టు. రెండువైపులా ఉండాల్సిన చిల్లులు ఒకవైపే ఉన్నాయి.

"కాకా, నాకు అక్షరాలున్న ముక్క కావాలి. అక్షరాలు మంటల్లో కాలిపోతుంటే... అబ్బ! ఈసారి మీ పేరు అందరికంటే ముందు, పెద్దగా వేస్తా."

అందరికంటే ముందు! పెద్దగా!

ఏ పేరు ఇవ్వాలి? హీరో పేరు ఇస్తే అభిమానులు ఊరుకోరు. నిర్మాత పేరు ఇస్తే ఆయన మనవడు రోజూ తాలీంలో కుస్తీ పట్టేవాడు, నా ఎముకలు లెక్కపెడతాడు. ఎవరూ అడగని పేరు కావాలి. అలాంటిది ఒక్కటే ఉంది. హౌసక్కకు రెండు కళ్లలోనూ శుక్లాలు. మూడు సెకన్లు. ఏం కనిపిస్తుందిలే అనుకున్నాను. కోసి ఇచ్చాను. మిగిలిన రెండు కొసల్నీ కలిపి అతికేశాను.

అన్వయ్ అగ్గిపుల్ల గీశాడు. అది సేఫ్టీ ఫిల్ము, భగ్గుమనదు. ముడుచుకుపోయి, కమురు వాసన కొట్టి, నల్లగా కారింది. "ఇదేంటి కాకా, పేలిపోద్దన్నారే!" అని మొహం వేలాడేశాడు. మంటలు తర్వాత కంప్యూటర్‌లో పెట్టుకున్నాడు.

పాడవా వచ్చింది. హౌసక్క కొత్త తొమ్మిది గజాల చీర కట్టుకుని, మునిమనవరాలిని వెంటబెట్టుకుని ముందు వరసలో కూర్చుంది. ముందుగా అన్వయ్ షార్ట్ ఫిల్ము. పిండి ఎగిరింది. నేను గేదెను చూశాను. మంటల్లో ఏవో అక్షరాలు కాలాయి. ఎవరి పేరో చదవడానికి వీల్లేకుండా కెమెరా భలే ఊపాడు. నా పేరు అందరికంటే ముందు పెద్దగా పడింది. చివర్లో నల్ల తెర మీద ఇంకొక వాక్యం వచ్చింది.

'పేరు కూడా మిగలని సినీ కార్మికులకు అంకితం.'

చప్పట్లు! హాలంతా లేచి నిలబడింది. హౌసక్క కూడా కొట్టింది. నేను మాత్రం ప్రొజెక్టర్ వెనక నిలబడి, నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మెషిన్ తుడిచాను.

తర్వాత నా రీలు. నటుల పేర్లు వెళ్లాయి, కెమెరా వెళ్లింది, డైరెక్టర్ వచ్చేశాడు. మధ్యలో ఢోల్కీ దరువు ఒక్కసారి తడబడింది. హాల్లో ఎవరూ కదల్లేదు.

"ఏదీ నీ పేరు?" అని పిల్ల గట్టిగానే అడిగింది.

హౌసక్క ఆట అయ్యాక కర్ర పొడుచుకుంటూ నా దగ్గరికి వచ్చింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"అతుకు శుభ్రంగా వేశావురా దినూ. నాకు తప్ప ఎవ్వరికీ తెలీలేదు."

అంతే అంది. పిల్ల చెయ్యి పట్టుకుని వెళ్లిపోయింది.

కాబట్టి పాఠకులారా, సినిమా చరిత్ర మీద షార్ట్ ఫిల్ములు నిండు నూరేళ్లూ వర్ధిల్లాలి! డబ్బాలో ఇంకా ఎనిమిది వందల అడుగులున్నాయి. ఎవరికీ ఇవ్వను. ఇచ్చినా, ఇవ్వకపోయినా ఇప్పుడు ఒకటే అనుకోండి.

ఎడిటర్‌గారికి చిన్న మనవి. ఈ వ్యాసం కింద నా పేరు వేయకండి. ఆ జాగాలో ఇది వేయండి.

నెగటివ్ కటింగ్: హౌసాబాయి లోహార్.