పక్కింటివాళ్లు వర్ధిల్లాలి!

ఓటర్ని మంచం మీంచి లేపే శక్తి ఉపన్యాసాలకు లేదు. అది పక్కింటివాళ్లకే ఉంది! పక్కింటివాళ్ల మీద కడుపుమంటను జబ్బు అనేవాళ్లు ముందు రేడియో బాబాయ్ సంగతి వినాలి.

బస్టాండు మైకు ముందు కూర్చుని, ఏ బస్సు ఎక్కడ ఆగిందో జీవితమంతా చెప్పి రిటైరైన మనిషి ఆయన. గొంతు ఖాళీగా ఉంటే తోచదు. అందుకే తన అపార్ట్‌మెంట్ చేత ఓట్లేయించే పని నెత్తినేసుకున్నాడు. పోయిన ఎన్నికల్లో ఆ బిల్డింగ్ నుంచి బూత్‌కి వెళ్లింది బాబాయ్, పిన్ని మాత్రమే. మిగతావాళ్లు సెలవిచ్చిన ప్రభుత్వాన్ని మెచ్చుకుని ముసుగు తన్నారు.

బాబాయ్ పోస్టర్లు అంటించాడు. పిల్లలు వాటికి మీసాలు గీశారు. వాట్సాప్ గ్రూపులో రోజుకో ప్రసంగం పెట్టాడు. అందరూ చేతులు జోడించిన బొమ్మ పంపారు. అంటే చదవలేదనే కదా అర్థం? లిఫ్టులో అయితే మధ్యలో దిగి పారిపోలేరని అక్కడ కాపు కాశాడు. జనం మెట్లెక్కడం మొదలుపెట్టారు. ఆరోగ్యాలు బాగుపడ్డాయి గానీ ఓటు ఊసు లేదు.

రేపు పోలింగ్ అనగా, బట్టలు మడతపెడుతున్న పిన్నికి ఆయన మీద జాలేసింది.

"బతిమాలితే ఎవరొస్తారండీ? మీరు రానక్కర్లేదు, ఎదురింటివాళ్లు చూసుకుంటామన్నారని చెప్పి రండి."

బాబాయ్ అలాగే గడప గడపా తిరిగాడు. వార్డు సంగతి ఇన్సూరెన్స్ ఏజెంటు కుటుంబం చూసుకుంటుందట, మీరు హాయిగా పడుకోండని ఎదురు ఫ్లాటు పళ్ల డాక్టరుతో అన్నాడు. ఏజెంటు దగ్గర అదే మాట డాక్టరు పేరు మీద వల్లించాడు. పైఅంతస్తు డాన్సు టీచరు దగ్గరా, ఆ గజ్జెల మోత భరించే కింది సంగీతం టీచరు దగ్గరా పని ఇంకా సులువైంది. ఒకరి దగ్గర ఇంకొకరి పేరు చెబితే చాలు!

తెల్లారేసరికి లిఫ్టు దగ్గర తోపులాట. డాక్టరు సగం గడ్డంతో వచ్చాడు. సంగీతం టీచరు కాళ్లకు తన చెప్పొకటి, మొగుడి చెప్పొకటి. డాక్టరుగారి అత్తగారికి మోకాళ్లు వంగవు. అయినా ఏజెంటు వాళ్లావిడ కంటే ముందు తనను దింపాల్సిందేనని పట్టుబట్టింది. కుర్చీలో కూర్చోబెట్టి మోసుకెళ్లారు.

బిల్డింగ్ మొత్తం ఓటేసింది! క్యూలో ముఖాలు తిప్పుకుని ఎంతసేపని నిలబడతారు? మాటలు కలిశాయి. బాబాయ్ కిటుకు తెలిసి నవ్వుకున్నారు. వీధి డ్రైనేజీ కంపు అందరి వంటింట్లోకీ వస్తోందని అప్పుడే బయటపడింది. ఎవరి ఇంట్లో వాళ్లు అది ఎదురింటివాళ్ల కంపే అనుకున్నారట ఇన్నాళ్లూ.

ఫలితాలు వచ్చాయి. గెలిచినాయన దండలు వేసుకుని ఊరేగాడు, ఇంట్లోకి వెళ్లాడు, తలుపేసుకున్నాడు. డ్రైనేజీ మాత్రం రోడ్డెక్కింది. బాబాయ్ వెంట బిల్డింగంతా ఆయనింటికి కదిలింది. అత్తగారు కుర్చీతో సహా.

గుమ్మంలో సెక్రటరీ చేతులు జోడించాడు. సార్ ఎన్నికల్లో బాగా అలిసిపోయారనీ, విశ్రాంతిలో ఉన్నారనీ, మళ్లీ ఎప్పుడైనా రమ్మనీ చెప్పాడు.

మైకుల ముందు బతికిన బాబాయ్ ప్రసంగానికి గొంతు సవరించుకున్నాడు. ఈలోగా అత్తగారు కుర్చీని ఇంకాస్త ముందుకు జరపమంది.

"మేమూ అలిసిపోయాం నాయనా. అయినా వచ్చాం. ఆయన్ని లేపడానికి ఏ పక్కింటివాళ్ల పేరు చెప్పాలో చెప్పు."