అల్లుడుగారి కంప్యూటరుకు గొంతు పోయిన బుధవారం

ముందే చెప్పుకుంటున్నాను, నా అక్షరాలు డెబ్బయ్యో ఏట నేర్చినవి. ఒత్తులూ దీర్ఘాలూ ఎక్కడైనా జారితే పెద్దమనసుతో సర్దుకోండి. ఒక పేజీ రాయడానికి నాకు రెండు పూటలు పడుతుంది. చదవడానికి మీకు అంత పట్టదు కాబట్టి మనిద్దరిలో నష్టం నాకే.

సిడ్నీ దగ్గర రౌస్ హిల్‌లోని ఆ ఇంట్లో బుధవారం పొద్దున రెండు పనులు అనుకున్నారు. శేషుకుమారి మధ్యాహ్నం రెండింటికి లైబ్రరీలో జరిగే అక్షరాల క్లాసుకు బస్సెక్కి వెళ్ళాలి. ఆవిడ అల్లుడు ద్వారకానాథ్ సెలవు పెట్టుకుని తన కంప్యూటరులో పాత సిస్టమ్ తీసేసి కొత్తది ఎక్కించాలి. మొదటిది డెబ్బై రెండేళ్ళ మనిషికి జన్మలో మొదటిసారి జరగబోతున్న ముచ్చట. ఏడు నెలలు నేర్చుకున్నాక ఆ రోజు లైబ్రరీ కార్డు ఫారం మీద తన పేరు తానే ఇంగ్లీషు పెద్దక్షరాలతో రాయబోతోంది. అంతకుముందు ఆవిడ ఏ కాగితం మీద పెట్టినా వేలిముద్రే. రెండోది, ద్వారకానాథ్ మాటల్లో, కాఫీ చల్లారేలోపు అయిపోయే పని.

ద్వారకానాథ్ ఇంజనీరు. ముప్పై ఏళ్ళుగా వంతెనలకు లెక్కలు కడుతున్నాడు. అందుచేత కుక్కరు విజిలు మొదలుకొని పిల్ల జ్వరం దాకా ప్రతిదానికీ తానే లెక్క చెప్పాలి. ఎవరినైనా అడిగి తెలుసుకోవడమంటే అతనికి పదిమందిలో చొక్కా విప్పినంత సిగ్గు.

శేషుకుమారి చార్జింగ్ డబ్బీలోంచి చెవి మిషన్లు తీసి పెట్టుకుని, కాఫీ గ్లాసుతో అతని గదిలోకి వచ్చింది. అవి కొత్తరకం మిషన్లు. ఫోను దగ్గరలో ఉంటే చాలు, అందులో మాట తీగ లేకుండా నేరుగా చెవిలోకి వస్తుంది. మనవరాలు శ్రావ్య యూనివర్సిటీకి వెళ్ళేముందు కూర్చుని, తెర మీద అమ్మమ్మ చదవగలిగేలా వాటికి అమ్మమ్మ పేరే ఇంగ్లీషు పెద్దక్షరాలతో పెట్టింది. సరిగ్గా అప్పుడే కంప్యూటరు తెర మీద ఒక పెట్టె తెరుచుకుంది.

"ఏదో అడుగుతున్నట్టుంది బాబూ."

"ఏవో పెట్టెలు వస్తూంటాయి అత్తయ్యగారూ. అన్నిటికీ ఎస్ కొట్టడమే. వాటిని ఎవడూ చదవడు."

"చదవకపోతే రాయడం ఎందుకో."

"అది లీగల్ వాళ్ళ కోసం. మీకు అర్థం కాదులెండి," అని ద్వారకానాథ్ ఎస్ కొట్టాడు. తర్వాత వచ్చిన మూడింటికీ కొట్టాడు. కాఫీ ఇంకా వేడిగానే ఉంది. విజయగర్వంతో తెలుగు వార్తల చర్చ ఒకటి తెరిచాడు. తెర మీద నలుగురు పెద్దమనుషులు నోళ్ళు తెరిచి మూస్తున్నారు. గొంతు మాత్రం రావడం లేదు. శబ్దాన్ని నూటికి నూరు పెంచాడు. అయినా రాలేదు.

వంటింట్లో శేషుకుమారి బీరకాయ చెక్కు తీస్తూ ఉలిక్కిపడింది.

"బిందూ, ఎవరే వీళ్ళు, పొద్దున్నే కొట్టుకు చస్తున్నారు?"

కూతురు బిందుమాధవి టిఫిన్ డబ్బా మూత పెట్టడం ఆపింది. "ఎవరమ్మా?"

"నలుగురు మగాళ్ళు. ఒకడు సమాధానం చెప్పమంటాడు, ఇంకొకడు ముందు నువ్వు కూర్చోమంటాడు. ఇదిగో, ఇప్పుడెవరో గంట కూడా కొడుతున్నారు."

బిందుమాధవి చెవులు రిక్కించింది. ఫ్రిజ్ చప్పుడు తప్ప ఇల్లంతా నిశ్శబ్దం. కిటికీలోంచి చూస్తే కంచె మీద ఒక మాగ్‌పై పిట్ట తప్ప ఎవరూ లేరు. ఆమె తల్లి ముఖం కేసి చూసి, డబ్బా మూత తప్పు డబ్బాకు పెట్టింది.

కాసేపటికి శేషుకుమారి తడిబట్టల బుట్టతో పెరటి చివర ఉన్న తీగ దగ్గరకు వెళ్ళింది. ఆవిడ అక్కడికి చేరగానే కంప్యూటరు నూటికి నూరు బలంతో "సమాధానం చెప్పండి" అని అరిచింది. కంచె మీది పిట్ట ఎగిరిపోయింది. బల్ల కింద కంప్యూటరు పెట్టె తెరిచి స్క్రూడ్రైవరుతో తడుముతున్న ద్వారకానాథ్ తల బల్లకు కొట్టుకుంది. నొప్పిలోనూ అతను గెలిచాడు.

"బిందూ, ఫిక్స్ చేశా. మదర్‌బోర్డు మీదే సౌండ్ చిప్ ఉంటుంది కదా, అది లూజయింది. ఇలా ప్రెస్ చేశా, అంతే."

ఖాళీ బుట్టతో శేషుకుమారి లోపలికి వచ్చింది. గొంతు పోయింది.

వేడి వల్లనన్నాడు ద్వారకానాథ్. హాల్లోంచి టేబుల్ ఫ్యాను తెచ్చి కంప్యూటరుకు విసరబెట్టాడు. ఆవిడ కరివేపాకు కోయడానికి పెరటి చివరికి వెళ్ళింది. గొంతు వచ్చింది, ఫ్యాను వల్లే. కరివేపాకుతో ఆవిడ తిరిగొచ్చింది. గొంతు పోయింది, దుమ్ము వల్ల. వాక్యూమ్ క్లీనరు వచ్చింది. పదకొండింటిలోపు ఆవిడ పెరట్లోకి నాలుగుసార్లు వెళ్ళింది, అతను నాలుగుసార్లూ గెలిచాడు. ఆవిడ లోపలికి వచ్చిన ప్రతిసారీ అతనికి కొత్త సిద్ధాంతం పుట్టింది. నాలుగోది సిడ్నీ గాలిలోని తేమ. కొత్త సిస్టమ్ ఎక్కించినప్పుడు ఏయే పెట్టెలకు ఎస్ కొట్టాడో ఒకసారి వెనక్కి వెళ్ళి చూసుకోవాలన్న సిద్ధాంతం మాత్రం పుట్టలేదు.

ఈలోగా బిందుమాధవి భర్తను హాల్లోకి పిలిచి అమ్మ సంగతి చెప్పింది. వాళ్ళు గుసగుసగానే మాట్లాడుకున్నారు. కానీ చెవి మిషన్లు మంచివి.

"గొంతులు వినపడటం అంటే సీరియస్ బిందూ. ముందు స్టవ్ దగ్గరికి రానివ్వకు. ఆ బస్సు, ఆ క్లాసు, అన్నీ ఇవాళ్టి నుంచి స్టాప్."

"ఇవాళ ఒక్కటీ వెళ్ళనివ్వండి. సంతకం పెడతానని వారం నుంచీ చెబుతోంది."

"బస్సులో ఏ గొంతో దిగమంటే దిగిపోతారు. వెతకడానికి నువ్వెళ్తావా? అయినా ఈ వయసులో చదువెందుకు, ఏ ఎగ్జామ్ రాయాలని?"

బిందుమాధవి మధ్యేమార్గం చూసింది. వెస్ట్‌మీడ్‌లో ఉండే డాక్టర్ కిరణ్మయి తెలుగావిడ. పన్నెండున్నరకు వీడియోలో చూస్తానంది. ఆవిడ బాగుందంటే అమ్మ క్లాసుకు వెళ్తుంది, లేదంటే లేదు. ఆ మాట చెప్పి బిందుమాధవి మందుల షాపులో డ్యూటీకి వెళ్ళిపోయింది.

శేషుకుమారి వంటింట్లో నిలబడి ఆలోచించింది. చెవి మిషన్లు తీస్తే గొంతులు పోతున్నాయి, పెడితే వస్తున్నాయి. దెయ్యాలకు ఇంత క్రమశిక్షణ ఉండదు. మజ్జిగ గ్లాసు పట్టుకుని అల్లుడి గదిలోకి వెళ్ళింది. తెర కింది మూలన చిన్న స్పీకరు బొమ్మ, దాని పక్కన పెద్దక్షరాలు. ఆవిడ ఒక్కొక్కటే కూడబలుక్కుంది. ఎస్. ఈ. ఎస్. హెచ్. యు. ఆ పైవి చదవక్కర్లేకపోయినా చదివింది, ఆవిడకు సగంలో వదిలే అలవాటు లేదు. ఏడు నెలలుగా నోట్‌బుక్కుల నిండా రాసిన మాట అది.

"బాబూ, ఇక్కడ నా పేరు ఉంది."

"అత్తయ్యగారూ, ప్లీజ్. ఇంగ్లీషులో ఉన్నవన్నీ మీ పేరు కాదు. మీరు దీన్ని ముట్టుకోకండి, ఇప్పటికే టెన్షన్‌గా ఉంది."

చెప్పాల్సింది ఆవిడ చెప్పింది. రెండోసారి చెప్పమని ఎవరూ అడగలేదు. మజ్జిగ అక్కడ పెట్టి, మంచి చీర కట్టుకోవడానికి వెళ్ళింది.

పన్నెండున్నరకు డాక్టర్ కిరణ్మయి తెర మీదకు వచ్చింది. ద్వారకానాథ్‌కు పెదాలు కదలడం మాత్రమే కనిపించింది.

"డాక్టర్, వన్ మినిట్. నాకేం వినపడట్లేదు. సౌండ్ లేదు."

"నమస్తే ఆంటీ, మీకు వినపడుతోందా?" అంది డాక్టరు, శేషుకుమారి చెవిలో.

"గంటలా వినపడుతోందమ్మా."

ద్వారకానాథ్ అత్తగారి కేసి జాలిగా చూశాడు. తర్వాత డాక్టరు కేసి తిరిగి, కణత దగ్గర వేలు గిర్రున తిప్పి, చూశారా అన్నట్టు తలాడించాడు. డాక్టరు అతన్ని చూసి ఏదో రాసుకుంది. ఆ తర్వాత ఆమె తెర మీదకు ఒక మాట టైపు చేసి పంపింది: "అంకుల్, మీ ఇద్దరిలో వినపడనిది మీ ఒక్కరికేనా?" పెట్టె తెరుచుకోగానే ద్వారకానాథ్ అలవాటు కొద్దీ ఎస్ కొట్టాడు. డాక్టరు అదీ రాసుకుంది.

"సరే ఆంటీ, మూడు మాటలు చెబుతాను, గుర్తుపెట్టుకుని చెప్పండి."

"చింతపండు, గొడుగు, రైలు," అంది శేషుకుమారి కాసేపటికి.

ద్వారకానాథ్ చేతిలో స్క్రూడ్రైవరు జారింది. "అత్తయ్యగారూ, ఎవరితో మాట్లాడుతున్నారు?"

"డాక్టరమ్మతో బాబూ. బుధవారమమ్మా. తొంభై మూడు. ఎనభై ఆరు. డెబ్బై తొమ్మిది. డెబ్బై రెండు, నా వయసంత. ఇంకా తగ్గించాలా?"

ద్వారకానాథ్ తట్టుకోలేకపోయాడు. నేల మీద బోర్లా పడుకుని కంప్యూటరు పెట్టెకు చెవి ఆనించి విన్నాడు. అరచేత్తో రెండు దెబ్బలు వేశాడు. న్యూస్‌పేపరుతో విసిరాడు. డాక్టరు మెడ చాచి చూసింది.

"అంకుల్ ఏం చేస్తున్నారు ఆంటీ?"

"వింటున్నాడమ్మా."

"ఎన్నాళ్ళ నుంచి ఇలా?"

శేషుకుమారి అబద్ధం ఆడదు. "ఇంత ఎక్కువగా ఇవాళ పొద్దుట్నుంచే. మా అమ్మాయి చెప్పింది రెండోసారి చెప్పించుకోవడం మాత్రం పెళ్ళైనప్పటి నుంచీ ఉంది."

"ఇంట్లో స్టవ్ ఎవరు చూసుకుంటారు?"

"నేనేనమ్మా."

"మంచిది. అంకుల్‌ని దగ్గరికి వెళ్ళనివ్వకండి. ఏదైనా చెప్పాలంటే ముఖంలోకి చూస్తూ, గట్టిగా, రెండుసార్లు చెప్పండి."

"మరి నేను బస్సెక్కి క్లాసుకి వెళ్ళొచ్చా?"

"భేషుగ్గా. అంకుల్‌ని కూడా తోడు తీసుకెళ్తే ఆయనకి మంచిదే."

"వద్దులేమ్మా, అక్కడ చదవాలి," అంది శేషుకుమారి.

ఒంటిగంటకు ద్వారకానాథ్ ఫోను మోగింది. బిందుమాధవి గొంతు మామూలుకంటే రెండింతలు ఉంది. ఒక్కొక్క మాటా విడివిడిగా పలుకుతోంది.

"ఏవండీ. డాక్టర్. ఫోన్. చేసింది."

"అంత అరవకు, వినపడుతోంది. ఏమంది? మెమొరీనే కదా? నేను చెప్పానా లేదా?"

"అమ్మకి ఏమీ లేదట. ముప్పైకి ముప్పై వచ్చాయట. మీ సంగతే... మీరు కంగారు పడకండి. శుక్రవారం పదింటికి చెవులకి అపాయింట్‌మెంట్ ఇచ్చింది. ఆ తర్వాత ఆ మూడు మాటల టెస్టు కూడా."

"నాన్సెన్స్. పోయింది సౌండ్ చిప్పు, నా చెవులు కాదు."

"ఒప్పుకోరని కూడా చెప్పింది. మొదట్లో ఎవరూ ఒప్పుకోరట," అంది బిందుమాధవి. ఆ జాలి అతను ఇందాక అత్తగారి మీద వాడిన జాలే, బరువు కూడా తగ్గలేదు.

ద్వారకానాథ్ ఫోను పెట్టేసి తలెత్తేసరికి శేషుకుమారి మంచి చీరలో, చేతిసంచిలో నోట్‌బుక్కుతో గుమ్మం దగ్గర ఉంది. "అన్నం బల్ల మీద పెట్టాను బాబూ. స్టవ్ ముట్టుకోకు," అని చెప్పి బస్సుకు వెళ్ళింది. ఆవిడ వీధి మలుపు తిరిగేలోపే కంప్యూటరుకు గొంతు వచ్చింది. మధ్యాహ్నమంతా ఒక్కసారీ పోలేదు. ద్వారకానాథ్ భార్యకు, ఆఫీసులో ఇద్దరికి, యూనిలో ఉన్న కూతురికి ఫోను చేసి మొత్తానికి తేమను తానెలా జయించాడో వివరించాడు. శ్రావ్య అంతా విని, "దట్స్ నైస్, డాడ్," అని చాలా నెమ్మదిగా, గట్టిగా అంది. తల్లి అప్పటికే చెప్పేసింది.

అక్కడ లైబ్రరీలో శేషుకుమారి ఫారం మొత్తం పైనుంచి కిందికి చదివింది. అరగంట పట్టింది. అర్థం కాని నాలుగు చోట్ల టీచరును అడిగింది, అడిగినందుకు ఆవిడకు సిగ్గేమీ వేయలేదు. ఆ తర్వాత అడుగున గీత మీద పదకొండు అక్షరాలు రాసింది. చివరి అక్షరం కొంచెం కిందికి జారింది. అయినా కార్డు ఇచ్చారు.

ఐదింటికి ఆవిడ కార్డు పట్టుకుని గుమ్మంలో అడుగుపెట్టగానే కంప్యూటరుకు గొంతు పోయింది. ద్వారకానాథ్ బల్ల కిందకు దూరాడు. శేషుకుమారి అతని పక్కన వంగి, డాక్టరమ్మ నేర్పినట్టు ముఖంలోకి చూస్తూ, శుక్రవారం పదింటికి చెవుల పరీక్ష ఉందని రెండుసార్లు, కాస్త గట్టిగా గుర్తు చేసింది.

గొర్లె అప్పలనరసమ్మ
వయసు డెబ్బై మూడు
కానింగ్ వేల్, పెర్త్