వెంకటేశులు దవడకట్టు

ఆరునెలలుగా దవడ నొప్పితో వెంకటేశులుకు కంటిమీద కునుకు లేదు. షేర్ ఆటో తోలుతూ తూగి, రెండుసార్లు గొర్రెల మందలోకి పోనిచ్చాడు. "రేపు మధ్యాన్నం వస్తా. నిద్రపోయి తేటగా ఉంటే సరి, లేకుంటే తాళాలు తీసుకపోతా" అన్నాడు ఆటో ఓనరు ఓబన్న.

అందుకే మరుసటి పొద్దున భార్య పుష్పావతి పట్టుబట్టింది. వేడి ఉప్పుమూట దవడకు ఆనించి, గడ్డం కిందినుంచి నెత్తిమీదికి తెల్లగుడ్డ బిగించి కట్టింది. గాలాడుతుందని అరుగుమీద పడుకోబెట్టి, ఈగలు వాలకుండా పంచె కప్పి, దోమలకని తలదగ్గర ఊదుబత్తీలు వెలిగించింది. పావుగంటలో మనిషి కదలకుండా నిద్రపోయాడు! ఆమె ఆనందానికి హద్దు లేదు. ఇక చప్పుడు కాకూడదంతే. పరుగున పిండిమిల్లుకు పోయింది.

"వీరేషూ, రెండు గంటలు మిల్లు నిలపప్పా. ఆయప్ప ఇప్పుడే పండుకున్నాడు."

వీరేష్ మంచివాడు, నిలిపాడు. అయితే ఆ ఊళ్లో పట్టపగలు మిల్లు ఆగేది ఎవరైనా పోతేనే. ఎవరా అని జనం వీధుల్లోకి వచ్చారు. అరుగుమీద దవడకట్టు, తెల్లపంచె, ఊదుబత్తీలు చూశారు. ఇంకేం అడగాలి?

పుష్పావతి ఇంకా మిల్లు దగ్గరే ఉండగా తన వీధిలోంచే తప్పెటల మోత వినిపించింది. ఒక్క పరుగున వచ్చి పడింది.

"కొట్టొద్దండప్పా! లేస్తాడు!"

పక్కింటి సుంకమ్మ ఆమెను కావలించుకుని ఏడ్చింది. "ఇంగ లేయడే తల్లీ! గట్టిగా ఏడువు, గుండెబరువు తగ్గుతాది."

"నేనెందుక్కా ఏడ్చేది? ఆరునెల్లకు ఇప్పుడు పండుకుండాడు!"

"పాపం, మతి పోయింది" అన్నారు ఎవరో.

అంతలో ఓబన్న బంతిపూల దండతో వచ్చాడు. దండ వేసి భోరుమన్నాడు. "నిన్న నోటికొచ్చినట్ల తిడితిని, ఎంకటేసూ! అందరి ముందర చెప్తాండా, నీ ఆటో ఎవరికీ ఇయ్యను!" అంటూ తాళాలు తీసి పుష్పావతి చేతిలో పెట్టాడు.

శవం లేచి కూర్చుంది.

"యావడప్పా ఆ తప్పెట కొట్టేది? మనిషిని పండుకోనియ్యరా?"

తప్పెటలు ఒకవైపు, జనం ఒకవైపు పరుగు. ఓబన్న మాత్రం దండ వేసిన చోటే నిలబడిపోయాడు. పుష్పావతి తాళాలు కొంగున ముడివేసుకుంది. "తేటగా ఉండాడు, చూసుకో అన్నా."

"అయ్యో, ఉండాడులేమ్మా" అన్నాడు ఓబన్న.

"అట్లయితే నువ్వే తోలు. కళ్యాణదుర్గంలో పళ్ల డాక్టరుకు చూపిచ్చుకొస్తాం." కొంగుముడి విప్పి తాళం ఇచ్చింది.

ఊరు దాటకముందే వెంకటేశులు వెనకసీట్లో దండతోనే మళ్లీ నిద్రపోయాడు.

ఈసారి ఎవరూ ఊదుబత్తీలు వెలిగించలేదు.