మితంగా భయపడవలెను

పళ్ళ ఆసుపత్రిలో నొప్పి అనేది లేదు. దాన్ని రద్దు చేసి చాలాకాలమైంది. దాని స్థానంలో "కొంచెం అసౌకర్యం" ప్రవేశపెట్టారు. (గట్టిగా అరిచినవారికి "కొంచెం ఎక్కువ అసౌకర్యం" కలిగినట్టు లెక్క.) ఈ సంస్కరణ సంగతి తెలియని ఒక తల్లి, చంకలో రెండేళ్ళ పాపతో, వెనకాల అత్తగారితో, చిగుళ్ళ విభాగం మెట్లెక్కింది.

ఆమె జబ్బు కథ చిన్నది. పళ్ళు తోముకుంటుంటే కుడివైపు చిగుళ్ళలోంచి రక్తం వచ్చింది. రక్తం వస్తోంది కదా అని ఆ వైపు బ్రష్ పెట్టడం మానేసింది. మానేసిన కొద్దీ గార పేరుకుంది. గార పేరుకున్న కొద్దీ రక్తం ఎక్కువైంది. దాంతో ఎందుకైనా మంచిదని రెండోవైపు కూడా మానేసింది. ఇంత జాగ్రత్తగా చూసుకున్నా చిగుళ్ళు పాడైనందుకు ఆమె చాలా బాధపడింది.

అయితే అసలు దిగులు పళ్ళ గురించి కాదు. చిగుళ్ళ జబ్బున్న తల్లి ముద్దు పెడితే బిడ్డకు అంటుకుంటుందని ఫోన్లో ఏదో వీడియోలో ఒకాయన చెప్పాడు. (తెల్లకోటు వేసుకున్నాడు కాబట్టి నమ్మింది.) ఆ రోజుతో పాపకు ముద్దులు ఆగిపోయాయి. పాప మొహం దగ్గరికి తెస్తే ఈమె తిప్పేసుకునేది. "అమ్మ నోట్లో బూచి ఉంది తల్లీ" అని సర్దిచెప్పింది. అప్పటినుంచి పాప, అమ్మ కాస్త కునుకు తీస్తే చాలు, పెదవి ఎత్తి బూచి కోసం వెతకడం మొదలుపెట్టింది. పాపకు ముద్దు పెట్టొచ్చా, పెట్టకూడదా? ఈ ఒక్క ముక్క అడుగుదామనే ఆమె ఇంతదూరం వచ్చింది.

"లోతుగా గీకిస్తే పళ్ళు ఊగుతాయే అమ్మాయ్," అంటూ అత్తగారు మెట్టు మెట్టుకీ ధైర్యం చెబుతోంది. "మా తోడికోడలు ఇలాగే చేయించుకుంది. పళ్ళకి సందులొచ్చాయి. ఇప్పుడు ఆవిడ 'సరే' అంటే ఈల వేసినట్టుంటుంది."

"ఆ సందుల్లో అంతకుముందు ఉన్నది గారేనట అత్తయ్యా."

"గారైతే ఏం? పళ్ళని పట్టుకుని నిలబెట్టిందిగా!"

మొదటి గది సంసిద్ధత విభాగం. చికిత్సలో ఏం జరుగుతుందో రోగికి ముందే తెలిసి ఉండాలన్నది నియమం. చెప్పింది చెప్పినట్టు జరిగితే అది ఆసుపత్రి గొప్ప. చెప్పనిది జరిగితే రోగి సరిగా వినలేదని అర్థం. సంసిద్ధతాధికారి తల ఎత్తకుండా పాఠం ఒప్పజెప్పాడు. పంటికీ చిగురుకీ మధ్య ఎంతెంత లోతు జేబుల్లాంటి ఖాళీలు పడ్డాయో సన్నటి పుల్లతో కొలుస్తారు. సూది వేసి ఒకవైపు మొద్దుబారుస్తారు. చిగురు కిందికి వెళ్ళి, వేరు మీది గార గీకి నున్నగా చేస్తారు. రెండోవైపు వచ్చే వారం.

"మొత్తం ఒకేసారి చెయ్యరా సార్?"

"చేస్తే ఇంటికెళ్ళి ఏ వైపుతో నములుతావమ్మా? సరే, భయం ఎంత ఉంది?"

"చాలా ఉంది సార్."

అధికారి మొదటిసారి తల ఎత్తాడు. "చాలా అంటే కుదరదు. బోర్డు చూడు."

గోడమీద బోర్డు ఉంది: 'మితంగా భయపడవలెను.' అసలు భయపడనివాళ్ళు డాక్టరు మాట వినరు. అతిగా భయపడేవాళ్ళు కుర్చీ దిగి పారిపోతారు. కనుక మితంగా భయపడేవాళ్ళకే లోపలికి ప్రవేశం.

"అదిగో ఆ బల్లమీద కూర్చుని తగ్గించుకుని రా."

ఆమె కూర్చుని తగ్గించుకోసాగింది. తోడికోడలి పన్ను ఎలా ఊడిందో అత్తగారు మొదట్నుంచీ చెప్పుకొస్తుండటంతో పని కొంత ఆలస్యమైంది. చివరికి భయపడే ఓపిక కూడా అయిపోయి మితానికి దిగింది.

"సార్, ఒక్క మాట. పాపకి ముద్దు పెట్టొచ్చా?"

"చికిత్సకి ముందా, తర్వాతా?"

"ఎప్పుడైనా సార్."

"ఎప్పుడైనా అనేది మా విభాగం కిందికి రాదమ్మా. డాక్టర్ని అడుగు."

డాక్టరు మర్యాదస్తుడు. ఆమె ఇంకా నోరు విప్పబోతుండగానే "బాగా తెరవమ్మా" అని పుల్ల దించి అంకెలు చెప్పసాగాడు. సహాయకురాలు రాసుకుంటోంది. "మూడు... నాలుగు... ఆరు!" ఎనిమిదో తరగతితో చదువు ఆగిపోయాక ఆమెకు మళ్ళీ ఎవరైనా మార్కులు వేయడం ఇదే మొదటిసారి. ఆరు వినగానే సంతోషించబోయింది. ఇక్కడ ఎక్కువొస్తే ఫెయిలని సహాయకురాలి మొహం చూశాక అర్థమైంది.

"చీమ కుట్టినట్టుంటుందంతే," అని డాక్టరు సూది వేశాడు. (అక్కడి చీమలు ఏం తిని పెరుగుతాయో తెలియదు.) కాసేపటికి కుడి బుగ్గ, పెదవి ఎవరివో అయిపోయాయి. ఆ తర్వాత మాడిన గిన్నె అడుగు గీకుతున్న చప్పుడు. గిన్నె తనదే. నొప్పి మాత్రం లేదు. (ఆసుపత్రివాళ్ళు నిజమే చెప్పారని తెలిసి ఆమె మరింత కంగారుపడింది.)

"ఏమైనా సందేహాలున్నాయామ్మా?" అని అడిగాడు డాక్టరు. ఆమె నిక్షేపంగా సమాధానం చెప్పడానికి వీలుగా అప్పటికి నోట్లో అద్దం, గొట్టం, గీకుడు కొక్కెం, డాక్టరు వేళ్ళు ఉన్నాయి.

"ఆ... ఆఆ... ఉఉ... ఎఎ?"

"వెరీ గుడ్. సందేహాలు లేవు, రాసుకో."

అంతా అయ్యాక డాక్టరు జాగ్రత్తలు చెప్పాడు. మొద్దు వదిలేదాకా ఏమీ నమలొద్దు, బుగ్గ కొరుక్కుంటావు. గోరువెచ్చని ఉప్పునీళ్ళతో పుక్కిలించు. కొన్నాళ్ళు చల్లటివి తగిలితే జివ్వుమంటుంది. రక్తం కనబడిందని బ్రష్ మానావో, మళ్ళీ మొదటికొస్తావు.

ఆమె పనిచేస్తున్న సగం నోటిని కూడదీసుకుంది. "డాక్టరుగారూ... పాపకి... ముద్దు పెట్టొచ్చాండీ?"

"ముద్దా? హాయిగా పెట్టుకో. బుగ్గమీద పెడితే ఏమవుతుంది? ఇద్దరూ ఒకే చెంచాతో తినకండి, చాలు."

"నెలనుంచీ... పెట్టట్లేదండీ."

"అయ్యో," అన్నాడు డాక్టరు చేతి తొడుగులు విప్పుకుంటూ. "ముందే అడగొచ్చుగా అమ్మా?"

బయట అత్తగారు కోడలి పళ్ళ సందుల కేసి అనుమానంగా చూసింది. పాప మాత్రం ఒళ్ళోంచి జారి పరిగెత్తుకొచ్చింది.

"అమ్మా, బూచి పోయిందా?"

"సగం పోయింది తల్లీ."

"ఏ సగం?"

ఆమె వంగి కుడి బుగ్గ చూపించింది. పాప ఆ బుగ్గను రెండు చేతులతో పట్టుకుని, బూచి ఉన్నవైపు పొరపాటున కూడా తగలకుండా, చప్పుడొచ్చేలా గట్టిగా ముద్దు పెట్టింది. చప్పుడైతే వినబడింది. చెయ్యి పెట్టి చూసుకుంటే చేతికి తడి తగిలింది.

"బాగుందా అమ్మా?"

ఆమె తల ఊపింది.

ఇంతలో ఫోన్ మోగింది. ఆసుపత్రివారి సందేశం: 'కుడివైపు మీకు స్పర్శ ఏమాత్రం తెలియలేదని ధ్రువీకరించండి.'

ఆమె 'అవును' నొక్కింది.